ఎర్ర గడియారం

ఒక మనిషిని కావాలని కంగారు పెట్టడం తప్పా? మంచి పనికోసం, అదీ ఆ మనిషి ఒప్పుకున్న తరువాత పెడితే? కంప్యూటర్ తెరలు తయారుచేసి పొట్టపోసుకునే నాలాంటివాడికి ఇది వేదాంతం కాదు, రోజువారీ పని.

2012లో, లండన్ ఒలింపిక్స్ జరిగిన ఏడాది, బీబీసీ వాళ్ళు ఇంటర్నెట్‌లో ఒక పెద్ద ప్రయోగం చేశారు. పోటీ ఒత్తిడిలో ఉన్న మనిషి మనసుకి కాస్త శిక్షణ ఇస్తే ఆట మెరుగవుతుందా అన్నది ప్రశ్న. వీడియోలో శిక్షణ ఇచ్చింది మైకేల్ జాన్సన్. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో బంగారు రంగు బూట్లు తొడుక్కుని 200 మీటర్లు, 400 మీటర్లు రెండూ గెలిచినాయన. పుట్టింది డాలస్‌లో, అంటే మా కాపెల్‌కి పొరుగూరివాడే. ఆట మాత్రం పరుగు కాదు. తెర మీద 36 గళ్ళు, వాటిలో చెల్లాచెదురుగా 1 నుంచి 36 దాకా అంకెలు. వాటిని వరసగా వెతికి, వీలయినంత త్వరగా నొక్కుకుంటూ పోవాలి. మొత్తం 44,742 మంది పాల్గొన్నారు. ఇంగ్లండులోని వుల్వర్‌హాంప్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆండ్రూ లేన్, ఆయన సహచరులు 2016లో ఫలితాలు ప్రచురించారు. ఈసారి ఇంకా బాగా ఆడగలనని తనకు తాను చెప్పుకోవడం, బాగా ఆడుతున్నట్టు ఊహించుకోవడం పనిచేశాయట. (పరీక్షల ముందు మా అమ్మమ్మ చెప్పిందీ అదే. కాకపోతే ఆవిడ దగ్గర 44 వేలమంది లెక్క లేదు.)

ఫలితాల సంగతి అటుంచి, నా ఆలోచన అంతా తెర చుట్టూనే తిరిగింది. మైదానంలో ఒత్తిడి ఎలాగూ ఉంటుంది. పక్క లేనులో వాడి ఊపిరి వినిపిస్తుంది, జనం అరుస్తారు. ఇంట్లో కాఫీ కప్పు పక్కన పెట్టుకుని కూర్చున్నవాడికి అదెక్కణ్ణించి వస్తుంది? ఎవరో ఒకరు గీసిపెట్టాలి. గడియారం ఎంత పెద్దది, ఏ మూలన ఉండాలి, చివరి సెకన్లలో ఎర్రబడాలా, ప్రత్యర్థి స్కోరు కంటికి ఎదురుగా ఉండాలా? మామూలు వెబ్‌సైటులో ఇవి సోకులు. ఇలాంటి ప్రయోగంలో ఇవే కొలబద్దలు.

ఎరుపునే తీసుకోండి. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో కుస్తీ, బాక్సింగు వంటి పోటీల్లో ఎర్ర దుస్తులవాళ్ళు కాస్త ఎక్కువసార్లు గెలిచారని హిల్, బార్టన్ అనే ఇద్దరు 2005లో నేచర్ పత్రికలో రాశారు. పరీక్షకి ముందు ఎరుపు కనిపిస్తే మార్కులు తగ్గుతాయని 2007లో ఆండ్రూ ఎలియట్ బృందం అంది. తరవాతి పరిశీలనల్లో ఈ ప్రభావాలు అంత గట్టిగా నిలబడలేదు. మనకైతే ఎరుపంటే కుంకుమ, గాజులు, పెళ్ళిచీర. పైగా ఐరోపా సంతతి మగవాళ్ళలో సుమారు 8 శాతం మందికి ఎరుపు, ఆకుపచ్చల తేడా సరిగా తెలియదు. గడియారం ఎర్రబడిందని వాళ్ళకి తెలియకపోతే, మనం లెక్కగట్టేది వాళ్ళ నిబ్బరాన్నా, కంటిచూపునా? గడి చిన్నదైతే వేలు తడబడుతుంది, దాన్ని మనసు తడబాటుగా రాసుకుంటాం. అందంగా గీయడం కన్నా అబద్ధం చెప్పకుండా గీయడం కష్టం.

అదే 2012 జనవరిలో ఫేస్‌బుక్ ఒక వారంపాటు 689,003 మందికి కనిపించే కబుర్లలో సంతోషాన్నో, విచారాన్నో తగ్గించి, వాళ్ళు ఏం రాస్తారో చూసింది. ఆ సంగతి 2014లో బయటపడి గొడవైంది. వాళ్ళెవరూ ప్రయోగానికని రాలేదు. బీబీసీ ఆటకి వచ్చినవాళ్ళు అది ప్రయోగమని తెలిసే వచ్చారు. తేడా ఇక్కడే ఉందని చాలామంది అంటారు, నేనూ ఒప్పుకుంటాను, సగం వరకూ. ఎందుకంటే "నాకు సమ్మతమే" అనే బొత్తాన్ని గీసేది కూడా మేమే. దాన్ని పెద్దగా, నీలంగా పెట్టి, షరతుల్ని బూడిదరంగు చిన్నక్షరాల్లో పెడితే ఎవరైనా ఒప్పుకుంటారు. ఆ ఒప్పుదల వాళ్ళదా, మా డిజైనుదా?

ఒత్తిడి అంటే మనవాళ్ళకి భయం లేదు. 2024 నేషనల్ స్పెల్లింగ్ బీ చివర్లో 90 సెకన్ల గడియారం పెట్టి, తెలుగింటి పిల్లాడు బృహత్ సోమ చేతా, మా డాలస్ ప్రాంతపు ఫైజాన్ జాకీ చేతా పోటీపడి పదాలు చెప్పించారు. బృహత్ 29 పదాలు సరిగ్గా చెప్పి గెలిచాడు. మరుసటి ఏడు ఫైజాన్ గెలిచాడు. నాకు ఆ గడియారం నచ్చలేదు. అయినా ఆ హాల్లో అమ్మానాన్నలున్నారు, పిల్లల మొహాలు చూసే న్యాయనిర్ణేతలున్నారు. ఓడిపోయినవాణ్ణి దగ్గరకి తీసుకోవడానికి ఒక మనిషి ఉన్నాడు. ఇంటర్నెట్ ప్రయోగంలో ఓడినవాడి మొహం ఎవరూ చూడరు. అప్పుడే ఉద్యోగం పోయి కూర్చున్నాడో, ఆస్పత్రి వెయిటింగ్ రూములో కాలక్షేపానికి ఆడుతున్నాడో సర్వరుకి తెలియదు. ఆటగాడు చటుక్కున కిటికీ మూసేసి వెళ్ళిపోతే అది డేటాలో ఒక ఖాళీ గడి, అంతే.

అందుకని నా దృష్టిలో ఇలాంటి ప్రయోగంలో అన్నిటికన్నా ముందు గీయవలసింది చివరి తెర. ప్రత్యర్థి నిజం మనిషా, ప్రోగ్రామా. గడియారం ఎందుకు ఎర్రబడింది. ఈ స్కోరు ఏం చెబుతుంది, ఏం చెప్పదు. నా వివరాలు తీసెయ్యమనాలంటే ఎక్కడ నొక్కాలి - ఇవన్నీ అక్కడ ఉండాలి, "నాకు సమ్మతమే" ఎంత పెద్ద అక్షరాల్లో ఉందో అంత పెద్ద అక్షరాల్లో. మధ్యలో వెళ్ళిపోయేవాడికి కూడా అది కనిపించే దారి ఉండాలి. అక్కడ గడియారం అక్కర్లేదు.