పిట్టగోడ లేని మిద్దె

ధ్యాన భాగములు: ద్వితీయోపదేశకాండము 22:8, లూకా 10:30-35



మోషే ధర్మశాస్త్రములో గొప్ప ఆజ్ఞల నడుమ ఒక చిన్న కట్టడ కలదు. క్రొత్తగా ఇల్లు కట్టువాడు మిద్దె చుట్టును పిట్టగోడ పెట్టవలెననియు, పెట్టనియెడల అక్కడనుండి ఎవడైన పడి చచ్చినచో ఆ దోషము ఇంటివానిమీదికి వచ్చుననియు దాని భావము. పడినవాడు తన కాళ్లతోనే నడిచి పడెను. ఇంటివాడు వానిని త్రోయలేదు. అయినను దేవుడు ఇంటివానినే లెక్క అడుగుచున్నాడు. ఈ మాసము ఆ కట్టడ వెలుగులో మన పల్లెల బాధ ఒకటి ఆలోచింతము. అది కల్లులో కలుపు మత్తుమందును గూర్చినది, దానిని అదుపుచేయు చట్టమును గూర్చినది.

పూర్వపు కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాల పల్లెలకు కల్లు క్రొత్త కాదు. గౌడ సహోదరుడు మోకు కట్టుకొని, ప్రాణమునకు తెగించి తాటిచెట్టు ఎక్కి దించు కల్లు ఎటువంటిదో పెద్దలకు తెలియును. విశ్వాసి దానిని త్రాగవచ్చునా కూడదా అనునది వేరు ప్రశ్న. ఇక్కడ మన ప్రశ్న అది కాదు. చెట్టు ఇచ్చునది కొంతయే. దుకాణము ముందు నిలుచువారు అనేకులు. ఆ లోటు పూడ్చుటకు కొందరు వర్తకులు కల్లులో నీళ్లు పోసి, తీపికి సాకరిన్ వేసి, మత్తు తగ్గకుండ మందు కలుపుదురు. క్లోరల్ హైడ్రేట్, డయాజిపామ్, ఆల్ప్రజోలం అను పేర్లు తెలంగాణలో కల్తీకల్లు కేసులు వచ్చినప్పుడెల్ల వినబడుచున్నవి. ఇవి చెట్టు ఇచ్చినవి కావు, రసాయనశాలలో మనుష్యులు చేసినవి.

ఆల్ప్రజోలం స్వతహాగా చెడ్డ వస్తువు కాదు. మితిమీరిన కలత, భయము గలవారికి వైద్యుడు వ్రాసియిచ్చు మందు అది. ఒక మాత్రలో సాధారణముగా పావు మిల్లీగ్రామో అర మిల్లీగ్రామో ఉండును. అనగా ఒక్క గ్రాము పొడి 4,000 పావు మిల్లీగ్రాము మాత్రలకు సమానము. అట్టి పొడిని కొలత లేక చిటికెతో కుండలో వేయువానికి, ఏ సీసాలోనికి ఎంత పోయెనో తెలియదు. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతమున కల్తీకల్లు త్రాగి పలువురు మరణించిరి. మరికొందరు మూత్రపిండములు చెడి ఆసుపత్రుల పాలైరి. అదే సంవత్సరము సెప్టెంబరులో సికింద్రాబాదు బోయినపల్లిలో, పిల్లలు చదువుకొను పాఠశాల భవనములోనే ఆల్ప్రజోలం తయారు చేయుచుండగా ఈగల్ అను రాష్ట్ర పోలీసు విభాగమువారు పట్టుకొనిరి.

ఇక్కడ కొందరు అడుగుదురు: త్రాగువాడు తన యిష్టముతో త్రాగుచున్నాడు గదా, దోషము వానిదే కాదా? చట్టమెందుకు అడ్డము రావలెను? ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయరాదు. మనుష్యునికి స్వేచ్ఛ నిచ్చినవాడు దేవుడే. అయితే తెలియనిదానిని ఎన్నుకొనుట ఎన్నిక కాదు. పగలంతయు వరినాట్లు వేసి, నడుము నొప్పికని సీసా కొన్న కూలి తల్లి కల్లు అడిగెను గాని ఆల్ప్రజోలం అడుగలేదు. కొన్ని నెలలు గడచిన పిమ్మట ఆమెకు తెలిసినను మానలేదు, ఏలయనగా అప్పటికి ఇష్టమే బంధింపబడియుండును. కాబట్టి చట్టము ఆమె స్వేచ్ఛను హరించుట లేదు. ఆమె స్వేచ్ఛను దొంగిలించినవానిని పట్టుకొనుచున్నది.

మన దేశమున ఇందుకు ముఖ్యమైనది 1985 నాటి మత్తుపదార్థముల చట్టము. ఎన్.డి.పి.ఎస్. అని దానిని పిలుతురు. ఆల్ప్రజోలం, డయాజిపామ్ దాని పట్టికలో నున్నవి. ఆల్ప్రజోలం 100 గ్రాములు మించి అక్రమముగా ఉంచుకొనువానికి పది మొదలు ఇరువది సంవత్సరముల కఠిన శిక్ష. 100 గ్రాములు స్వల్పమని తోచవచ్చును. పైన చెప్పిన లెక్కన అది నాలుగు లక్షల మాత్రలు! కుండలో చిటికెడు వేయువానికంటె, బస్తాలలో పంపువానిమీద చట్టము బరువుగా పడుట న్యాయమే.

అయితే చట్టమునకు ఒక బలహీనత యున్నది. అది పేరు వ్రాసికొన్న వస్తువునే పట్టును. లోభమైతే దినమునకొక పేరు వెదకును. నల్లమందు గుణము గల కృత్రిమ మందుల విషయములో లోకమంతయు ఈ పాఠము నేర్చుకొనుచున్నది. ఫెంటనిల్ అనునది మార్ఫిన్ కంటె సుమారు నూరు రెట్లు బలమైనది. ఒక రూపమును నిషేధింపగా, దాని నిర్మాణమును కొంచెము మార్చి వేరొక రూపమును అమ్మిరి. అందుచేత చైనా 2019 మే నెలనుండి ఆ జాతి నంతటిని అదుపులోనికి తెచ్చెను. అమెరికా 2025 జూలైలో అట్టి చట్టమునే శాశ్వతము చేసెను. మన దేశమున ట్రమడోల్ అను నొప్పిమందు కూడ దుర్వినియోగమగుటచేత 2018 ఏప్రిలులో ఈ చట్టము క్రిందికి తేబడినది. మోషే కట్టడలోని మాటను గమనించుడి. పిట్టగోడ ఒక ప్రక్కన కాదు, చుట్టును ఉండవలెను.

అయినను పిట్టగోడ అంతయు చేయజాలదు. అది పడబోవువానిని ఆపును గాని, పడినవానిని లేపదు. 2015 సెప్టెంబరులో మన రాష్ట్రమున దీని సాక్ష్యము చూచితిమి. ప్రభుత్వము కల్తీకల్లుపై గట్టిగా దాడులు చేయగా, మందు కలిపిన కల్లు దొరుకుట తగ్గెను. మంచిదే. కాని మనకు పొరుగుననున్న నిజామాబాదులోను, మహబూబ్‌నగర్ ప్రాంతమునను, దానికి అలవాటుపడినవారు వందలకొలది ఆసుపత్రులకు వచ్చిరి. వణకు, మూర్ఛలు, మతిభ్రమణము వారిని పట్టెను. కొందరి మరణవార్తలు కూడ వచ్చెను. ఈ జాతి మందు ఒక్కసారిగా మానిన దేహము అట్లే తిరుగబడును. వైద్యుని చేతిలో కొద్దికొద్దిగా తగ్గింపవలెను. న్యాయము మంచిదే, కాని కనికరము దానితో కూడ నడువలేదు.

ఇచ్చట మన ప్రభువు చెప్పిన ఉపమానము జ్ఞాపకము వచ్చును. దొంగలను శిక్షించుట రాజ్యాధికారి పని. అయితే త్రోవప్రక్కన పడియున్నవాని గాయములు ఎవరు కట్టవలెను? యాజకుడు దాటిపోయెను, లేవీయుడు దాటిపోయెను. సమరయుడు నిలిచెను, నిలుచుట మాత్రమే కాదు, సత్రము ఖర్చు కూడ భరించెను. మన చట్టములో సహితము ఈ కనికరమునకు చోటున్నది. స్వయముగా చికిత్సకు ముందుకు వచ్చు వ్యసనపరునికి, స్వల్ప పరిమాణము విషయములో, విచారణనుండి రక్షణ నిచ్చు 64-ఏ అను సెక్షను కలదు. 2014లో చేసిన సవరణ మార్ఫిన్ మొదలగు మందులు క్యాన్సరు నొప్పితో మూలుగువారికి సులభముగా అందునట్లు త్రోవ తీసెను. అంతకు ముందు అనుమతుల చిక్కులవలన అనేకులు ఆ ఉపశమనము లేకయే బాధపడిరి. ఒకని దుర్వినియోగమునకు వేరొకని నొప్పి వెల కారాదు. పిట్టగోడ మిద్దెమీదికి పోవు మెట్లను మూసివేయుటకు కాదు గదా.

కాబట్టి ప్రియులారా, సంఘముగా మనము చేయవలసినదేమి? మొదట, కల్తీచేయు వర్తకునిబట్టి గౌడ కులమంతటిని నిందింపకుడి. చెట్టెక్కి నిజమైన కల్లు దించువాడు కూడ ఈ కల్తీవలన నష్టపోవుచున్నాడు. రెండవది, కల్లులో మందు కలుపుట తెలిసియు ఊరకుండకుడి. అబ్కారీ అధికారులకు తెలుపుడి. తెలిసి మౌనముగా నుండుట పిట్టగోడ లేని మిద్దెకు మనము పాలివారమగుటయే. మూడవది, ఇంటిలో ఎవరైన దీనికి అలవాటుపడియున్న యెడల సిగ్గుచేత దాచకుడి, కోపముచేత గదిలో బంధించి ఒక్కదినములో మాన్పింప చూడకుడి. ప్రభుత్వ ఆసుపత్రికి తీసికొనిపోవుడి. 14446 అను నంబరుకు ఉచితముగా ఫోను చేసి సలహా పొందవచ్చును. నాలుగవది, అట్టివాడు ఆదివారము గుడి గుమ్మములోనికి వచ్చినప్పుడు ప్రక్కకు జరిగి చోటియ్యుడి, ముఖము త్రిప్పుకొనకుడి.

మనుష్యుని హృదయమును మార్చుట చట్టమునకు శక్యము కాదు. అది కృప చేయు పని. అందుచేత చట్టము వ్యర్థమని అనరాదు. కృప వచ్చి తట్టువరకు మనుష్యుడు బ్రదికియుండవలెను గదా! వానిని అంతవరకు బ్రదికించుటకే పిట్టగోడ. దానిని కట్టుటలో మన రాయి ఒకటైనను ఉండును గాక. పడినవానియొద్ద నిలుచు ధైర్యమును ప్రభువు మనకందరికి దయచేయును గాక. ఆమేన్.