పొరుగువాని పాదము



మా సంఘములో ఒక ముసలితల్లి కలదు. ఆదివారము వాకిలి దగ్గరనే కూర్చుండును. ప్రభు భోజనమునకు అందరు లేచినను ఆమె లేవదు. ఆమెకు బోదకాలు. "ఏ పాపము చేసితినో, అయ్యగారూ" అని ఒకనాడు మమ్మునడిగెను.

పుట్టు గ్రుడ్డివానిగూర్చి శిష్యులడిగినదియు ఇట్టి ప్రశ్నయే (యోహాను 9). ప్రభువు ఆ లెక్కను కొట్టివేసెను. ఆమె కాలిని వాపజేసినది శాపము కాదు, దారమువంటి పురుగు. ఆ పురుగులుగలవాని రక్తములో వాటి పిల్లలు రాత్రివేళ సంచరించును. మురుగునీట పుట్టిన దోమ ఆ రక్తము త్రాగి, సుమారు 2 వారముల తరువాత వేరొకని కుట్టి వానికి అంటించును. ఏండ్లు గడచినగాని వాపు కనబడదు. గనుక ఏ రోగమును లేదని తలంచు మనలోనే అవి ఉండవచ్చును.

ఈ వ్యాధిగల జిల్లాలలో సంవత్సరమున కొకసారి అందరికిని మాత్రలిచ్చు పని మన దేశమంతట 2004లో ఆరంభమైనది. నాటి తూర్పు గోదావరి జిల్లాయు అందులో చేరినదే. మాత్రలు పుచ్చుకొని గూటిలో పెట్టినవారు మనలో ఎందరు? "మాకేమి రోగము?" అని మేమును ఒక యేడు అట్లే చేసితిమి, ఒప్పుకొనుచున్నాము. తమ్ముని సంగతి తనకెందుకని కయీను చెప్పిన జవాబునకు (ఆదికాండము 4) ఇది ఎంత దూరము?

దేహము దేవుని ఆలయమని పౌలు బోధ వినినప్పుడు (1 కొరింథీ 6) మనకు కల్లును పొగాకును మాత్రమే జ్ఞాపకమునకు వచ్చును. అవి మానుట మంచిదే. అయితే పొరుగువాని దేహమును ఆలయమే గదా! డెల్టాలో నీరు దేవుని దీవెన. ఇంటివెనుక నిలిచిన మురుగు మన చేతిపని.

"ప్రార్థన చాలదా?" అని కొందరందురు. 1874లో కాకినాడలో పని ఆరంభించిన కెనడా బాప్తిస్టు మిషను కాలక్రమమున వాక్యముతోపాటు వైద్యమును తెచ్చెను. పిఠాపురపు ఆసుపత్రి అందుకు సాక్షి. ప్రార్థించి లేచినవాడు పార చేతబట్టుట అవిశ్వాసము కాదు.

కాబట్టి మురుగు నిలువనీయకుడి. మరుగుదొడ్డి గొట్టమునకు సన్నని వల కట్టుడి. దోమతెరలో పండుకొనుడి. మాత్రలిచ్చువారు వచ్చినప్పుడు భోజనముచేసి వారి యెదుటనే మ్రింగుడి. గర్భిణులకు, 2 ఏండ్లలోపు బిడ్డలకు, మిక్కిలి జబ్బుగానున్నవారికి మాత్రము వలదు.

వాచిన కాలు పూర్వమువలె కాకపోవచ్చును. అయినను దినదినము సబ్బుతో కడిగి, వ్రేళ్ల సందుల తడి తుడిచినయెడల జ్వరముతో వచ్చు నొప్పులు తగ్గును. ఆ తల్లి వంగలేదు; కోడలు తెల్లవారకమునుపే కూలికి పోవును. ఆ కాలు ఎవరు కడుగవలెను? యోహాను 13వ అధ్యాయము చదివి గ్రంథము మూసిన మనమే గదా.

మేము చెంబుతో వెళ్లిన మొదటి దినమున, పేతురువలె, ఆమె కాలు వెనుకకు తీసికొనెను. రెండవ దినమున చాపెను. ఆమె ప్రభువు బల్లయొద్దకు రావలెనని ప్రార్థించుడి. వచ్చినప్పుడు ఆమె ప్రక్కన కూర్చుండుడి. ఆమేన్.