ఇచ్చాక మళ్లీ అడిగేది కానుకేనా?

డిసెంబరు నెల వచ్చిందంటే మా చర్చి పిల్లల్లో ఒకటే మాట. "ఈసారి నీకేం కొనిస్తున్నారు?" అని. ఇదివరకు దీనికి జవాబు కొత్త బట్టలు, బూట్లు, మహా అయితే సైకిలు. ఇప్పుడు చాలామంది నోట వినబడేది వీడియో గేమ్. ఏ గేమ్ కొనివ్వచ్చు, ఏది కొనివ్వకూడదు అన్నది పెద్దవాళ్లకు పెద్ద చిక్కు అయిపోయింది. కొనేది వాళ్లు, ఆడేది మేము. ఆ ఆటలో ఏముందో వాళ్లకు తెలిసింది తక్కువ, మేము చెప్పేది ఇంకా తక్కువ. అందుకే ఈ విషయం మీద నాకు తోచింది రాస్తున్నాను.

మామూలుగా మనం రెండు మాటలు వింటాం. "గేములు పిల్లల్ని చెడగొడతాయి, అసలు కొనొద్దు" అనేది పెద్దల మాట. "అది ఉత్త ఆటే కదా, ఏమవుతుంది?" అనేది పిల్లల మాట. ఈ రెండూ తొందరపాటు మాటలే. పుస్తకం మంచిదా చెడ్డదా అని ఎవరైనా అడిగితే "ఏ పుస్తకం?" అని తిరిగి అడుగుతాం. గేముల సంగతీ అంతే. పైగా ఇక్కడ మనం కొనేది మన కోసం కాదు, ఇంకొకరికి కానుకగా ఇవ్వడానికి. కాబట్టి ఏ గేమ్ మంచిది అనే ప్రశ్న కంటే ముందు కానుక అంటే ఏమిటి అనే ప్రశ్న తేల్చుకోవాలి.

క్రిస్మస్ కానుకల కథ తూర్పు దేశపు జ్ఞానులతో మొదలవుతుంది. వాళ్లు బాలయేసుకు బంగారం, సాంబ్రాణి, బోళం ఇచ్చారని మత్తయి సువార్తలో ఉంది. అందులో పసిబిడ్డ ఆడుకునే వస్తువు ఒక్కటీ లేదు! బంగారం రాజుకు గుర్తనీ, సాంబ్రాణి దేవునికి గుర్తనీ, బోళం మరణానికి గుర్తనీ సండే స్కూల్లో చెబుతారు. అంటే వాళ్లు అంగట్లో ఏది దొరికితే అది తేలేదు. ఆ బిడ్డ ఎవరో, ముందు ముందు ఏమవుతాడో ఆలోచించి తెచ్చారు. అలాగని, పిల్లవాడు ఆట అడిగితే వ్యాకరణ పుస్తకాన్ని రంగు కాగితంలో చుట్టి ఇస్తే ఎలా ఉంటుంది? అది కానుక కాదు, పాఠం.

నా ఆలోచనలో కానుకకు మూడు లక్షణాలు ఉండాలి. ఒకటి, తీసుకునేవాడికి సంతోషం కలగాలి. రెండు, ఇచ్చేవాడు అతని మంచి చూసి ఇవ్వాలి. మూడు, ఇచ్చిన తర్వాత మళ్లీ ఏమీ అడగకూడదు. మొదటి రెండింటి గురించి అందరం ఆలోచిస్తాం. మూడోదాన్ని మరిచిపోతాం. గేముల విషయంలో ఆ మూడోదే అన్నిటికంటే ముఖ్యమని నా అభిప్రాయం.

ముందు పెద్దవాళ్ల భయం గురించి చూద్దాం. వాళ్లు డబ్బా మీద బొమ్మ చూస్తారు. తుపాకీ ఉందా, రక్తం ఉందా అని చూస్తారు. ఆ భయం కొత్తది కాదు. 1993లో అమెరికా సెనేట్‌లో మోర్టల్ కాంబాట్, నైట్ ట్రాప్ అనే ఆటల గురించి విచారణ జరిగింది. ఆ మరుసటి ఏడు 1994లో గేముల కంపెనీలే కలిసి ఒక రేటింగ్ బోర్డు పెట్టుకున్నాయి. అప్పటినుంచి అక్కడ డబ్బా మీద ఒక అక్షరం వేస్తారు. ఈ అంటే అందరూ ఆడవచ్చు, టి అంటే 13 ఏళ్లు దాటినవాళ్లు, ఎమ్ అంటే 17 దాటినవాళ్లు. యూరప్‌లో 2003 నుంచి 3, 7, 12, 16, 18 అని అంకెలు వేస్తున్నారు. గ్రాండ్ థెఫ్ట్ ఆటో ఐదో ఆటకు అమెరికాలో ఎమ్, యూరప్‌లో 18 ఉన్నాయి. కానీ మా క్లాసులో దాని పేరు తెలియనివాళ్లు లేరు. ఆ అక్షరం డబ్బా మీదే ఉంటుంది. దాన్ని చదివి కొనేవాళ్లే తక్కువ.

అలాంటి ఆట ఆడితే పిల్లలు హంతకులైపోతారా? అవుతారని నేననను. 2011లో అమెరికా సుప్రీంకోర్టు కూడా, హింస ఉన్న గేములు పిల్లలకు అమ్మకూడదన్న కాలిఫోర్నియా చట్టాన్ని కొట్టేసింది. గేముల వల్లే పిల్లలు దౌర్జన్యం చేస్తారని ఆ పరిశోధనలు రుజువు చెయ్యడం లేదని చెప్పింది. అయినా తొమ్మిదేళ్ల పిల్లవాడికి ఆ ఆట కొనివ్వడం నాకు సమ్మతం కాదు. వాడు రేపు ఏం చేస్తాడో అన్న భయం వల్ల కాదు. ఈ రోజు వాడు దేన్ని చూసి నవ్వుతున్నాడో అదీ ముఖ్యమే కాబట్టి. రోడ్డు మీద పోయే మనిషిని ఊరికే గుద్ది నవ్వుకోవడం, అదే వారంలో చర్చిలో భూమి మీద సమాధానం కలగాలని పాడటం, ఈ రెండూ ఒకే కాగితంలో చుట్టి ఇవ్వగలమా?

ఇంతవరకు పెద్దవాళ్లు ఒప్పుకుంటారు. అయితే బొమ్మలో రక్తం లేకపోతే ఆట మంచిదైపోతుందా? మహాభారతంలో ధర్మరాజు ఆడిన పాచికలు గుర్తుచేసుకోండి. ఆ పాచికల్లో రక్తం లేదు, కత్తి లేదు. చూడటానికి ముచ్చటైన ఆటే. రాజ్యం పోయింది, తమ్ముళ్లు పోయారు, చివరికి ద్రౌపదిని కూడా పణంగా పెట్టాడు. చెడు పాచికల్లో లేదు, "ఇంకొక్కసారి" అనే మాటలో ఉంది. మన వైకుంఠపాళిలోనూ పాచికలే వేస్తాం. కానీ చివరి గడికి వెళ్తే ఆట అయిపోతుంది. పాము మింగినా మన జేబులోంచి ఏమీ పోదు. రెండింట్లోనూ పాచికలే, ఒకటి వినోదం, ఇంకొకటి వినాశం. తేడా ఆట మనల్ని ఏమడుగుతుందో అందులో ఉంది.

ఇప్పటి ఫోన్ గేములు కొన్ని ఎలా పనిచేస్తాయో ఆడేవాళ్లకు తెలుసు. ఆట ఊరికే వస్తుంది. ఆడటం మొదలుపెట్టాక డైమండ్లు, నాణేలు, పాసులు అంటూ ఒక అంగడి తెరుచుకుంటుంది. రూపాయల్ని ముందు డైమండ్లుగా మార్చేస్తారు కాబట్టి ఖర్చు ఖర్చులా అనిపించదు. రోజూ రావాలి, ఒక్కరోజు రాకపోతే వరసగా వచ్చే బహుమతి పోతుంది. లోపల ఏముందో చెప్పకుండా అమ్మే పెట్టెలు ఉంటాయి. డబ్బు కట్టి తెరిస్తే అదృష్టం ఉంటే మంచి వస్తువు, లేకపోతే ఉత్తది. 2018లో బెల్జియం దేశపు జూదాల కమిషన్ కొన్ని ఆటల్లోని ఇలాంటి పెట్టెలు జూదమేనని తేల్చింది.

ఫోర్ట్‌నైట్ అనే ఆట ఇంకో ఉదాహరణ. అందులో కాల్పులు ఉన్నా రక్తం చుక్క కనబడదు, అంతా రంగురంగుల బొమ్మలే. దాన్ని తయారుచేసిన ఎపిక్ గేమ్స్ కంపెనీ మీద 2022 డిసెంబరులో అమెరికా ప్రభుత్వ వాణిజ్య కమిషన్ చర్య తీసుకుంది. కంపెనీ మొత్తం 52 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. అందులో 24.5 కోట్లు, తెలియకుండానే కొనేసేలా బటన్లు పెట్టారన్న ఆరోపణ మీద, ఆడినవాళ్లకు తిరిగి ఇవ్వడానికి. మిగతాది పిల్లల సమాచారం కాపాడే చట్టాన్ని మీరినందుకు. చూడండి, తుపాకీ కోసం వెతికే కన్ను బటన్ను చూడలేదు.

ఇక మా ఇంటి సంగతి. మా చిన్నాన్న కొడుక్కి తొమ్మిదేళ్లు. ఈ క్రిస్మస్‌కి వాడికి వెయ్యి రూపాయల్లో ఏదైనా గేమ్ కొనివ్వాలని చిన్నాన్న అనుకున్నాడు. "నీకు తెలుసు కదమ్మా, ఏది కొనాలో నువ్వే చెప్పు" అన్నాడు నాతో. నేను తమ్ముణ్ణి అడిగాను.

"అక్కా, గేమ్ ఫ్రీనే. డైమండ్లు కొనిస్తే చాలు" అన్నాడు.

"వెయ్యి రూపాయల డైమండ్లు ఎన్నాళ్లు వస్తాయిరా?"

"కొత్త డ్రెస్ వచ్చేదాకా."

"అదెప్పుడొస్తుంది?"

"పొంగల్‌కి."

అంటే చిన్నాన్న ఇచ్చే కానుక మూడు వారాల కానుక. పొంగల్‌కి వాడు మళ్లీ అడగాలి, లేదా మనసులో పెట్టుకుని బాధపడాలి. ఏనుగును ఊరికే ఇచ్చి మేత నువ్వే పెట్టుకో అన్నట్టుంది కదా! ఇక్కడ తమ్ముడి తప్పు ఏమీ లేదు. అడుగుతున్నది వాడు కాదు, వాడి నోటితో ఆట అడుగుతోంది.

అయితే వాడు ఇంకో మాట కూడా చెప్పాడు. "ఉత్త డ్రెస్‌తో వస్తే మా క్లాసువాళ్లు టీమ్‌లో చేర్చుకోరక్కా." ఈ మాటకు నా దగ్గర వెంటనే జవాబు లేదు. వాడికి కావలసింది డైమండ్లు కాదు, నలుగురిలో చోటు. అది చిన్న కోరిక కాదు. పెద్దవాళ్లు కూడా పెళ్లికి వెళ్లేటప్పుడు అరువు నగ పెట్టుకుంటారు. కాబట్టి ఆ కోరికను ఎగతాళి చేసే హక్కు మనకు లేదు. కానీ ఆ చోటును డబ్బు పెట్టి కొంటే నెలనెలా అద్దె కట్టాల్సిందే.

ఇక్కడ ఒక అభ్యంతరం రావచ్చు. "డబ్బున్నవాళ్లు ఒక్కసారి కొనే ఆటలు కొనుక్కుంటారు. మనలాంటివాళ్లకు దొరికేది ఊరికే వచ్చే ఆటే. దాన్నీ తప్పంటావా?" ఇది న్యాయమైన ప్రశ్న. ప్లేస్టేషన్ 5 మన దేశంలో 2021లో వచ్చినప్పుడు ధర 49,990 రూపాయలు. మా ఇళ్లలో ఫోను ఒక్కటే, అదీ నైన పని నుంచి వచ్చాకే చేతికొస్తుంది. ఊరికే వచ్చే ఆట లేకపోతే మాలో చాలామందికి ఆటే లేదు. అందుకే ఊరికే వచ్చే ఆటలన్నీ చెడ్డవని నేను చెప్పను. ఒక్కటి మాత్రం చూడమంటాను. అలాంటి చాలా ఆటల్లో డబ్బు కట్టలేనివాడు గంటలు కడతాడు. ఉన్నవాడు వంద రూపాయలతో దాటే మెట్టును లేనివాడు పది సాయంత్రాలు పెట్టి దాటాలి. ఆ సాయంత్రాలు కూడా ఖరీదే. పదో తరగతి చదివే నాకు అది బాగా తెలుసు.

మరి ఎలాంటి ఆట ఇవ్వాలి? "చాలు" అని చెప్పగలిగే ఆట ఇవ్వాలి. మాన్యుమెంట్ వ్యాలీ అనే ఆట 2014లో వచ్చింది. పది అధ్యాయాలు, ఆ తర్వాత కథ ముగుస్తుంది. 2016లో వచ్చిన స్టార్‌డ్యూ వ్యాలీని ఒకే ఒక్క మనిషి నాలుగేళ్లకు పైగా కూర్చుని తయారుచేశాడు. ఒక్కసారి కొంటే సరిపోతుంది, తర్వాత చేర్చిన భాగాలకు డబ్బు అడగలేదు. అందులో ఒక రోజు మన లెక్కలో సుమారు 14 నిమిషాలు. రోజు అయిపోగానే ఆటలోని రైతు వెళ్లి పడుకుంటాడు. అప్పుడు మనమూ ఆపవచ్చు. మైన్‌క్రాఫ్ట్‌లో కూడా అంగడి ఉంది కానీ దాని గడప తొక్కకుండానే ఏళ్ల తరబడి ఇళ్లు కట్టుకుంటూ ఆడవచ్చు, రాక్షసులు రాని పద్ధతిలో కూడా ఆడవచ్చు.

"చాలు" అనే మాటకు ఎందుకింత విలువ ఇస్తున్నానంటే, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుంచి అమల్లోకి వచ్చిన తన జబ్బుల పట్టికలో గేముల వ్యసనాన్ని చేర్చింది. దానికి గుర్తులు ఏమిటంటే, ఆట మీద అదుపు తప్పడం, మిగతా పనులన్నిటికంటే ఆటే ముఖ్యమైపోవడం, నష్టం కనబడుతున్నా ఆపలేకపోవడం. ఇన్ని గంటలు ఆడితే జబ్బు అని అందులో లెక్క లేదు. ఆపగలవా లేదా అన్నదే ప్రశ్న. అలాంటప్పుడు ఆపనివ్వని ఆటను చిన్నపిల్లవాడి చేతిలో పెట్టి, "నీకు అదుపు లేదు" అని వాణ్ణే తిట్టడం న్యాయమా?

ఇంకో సంగతి. కొన్ని అంగళ్లలో దొంగ కాపీలు తక్కువకు దొరుకుతాయి. అవి వద్దని చిన్నాన్నకు చెప్పాను. మనది కానిదాన్ని మనం కానుకగా ఇవ్వలేం.

చివరికి నేను చిన్నాన్నకు చెప్పింది ఇది. ఒక్కసారి కొంటే అయిపోయే ఆట కొనండి, మిగిలిన డబ్బు వాడి చేతికే ఇవ్వండి. ఆదివారం ఆరాధన అయ్యాక అరగంట వాడి పక్కన కూర్చుని మీరూ ఆడండి. వాడి స్నేహితుల్ని ఇంటికి పిలవండి, ఒకే ఫోను మీద వంతులవారీగా ఆడుకుంటారు. నలుగురిలో చోటు డ్రెస్ వల్ల రాకపోయినా అలా రావచ్చు. ఇది విని తమ్ముడు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నా సలహా వాడికి నచ్చలేదు, నచ్చిందని ఇక్కడ రాస్తే అబద్ధం అవుతుంది. వాడి క్లాసువాళ్లు వాణ్ణి చేర్చుకుంటారో లేదో కూడా నేను హామీ ఇవ్వలేను. అయినా సలహా మార్చుకోలేదు. మనం ప్రేమించేవాళ్లు మన మీద రెండు రోజులు అలిగినా ఫరవాలేదు, ఏడాది పొడుగునా ఒక ఆటకు బాకీ పడకూడదు.

కాబట్టి ఈ క్రిస్మస్‌కి గేమ్ కొనబోయే అన్నలకు, అక్కలకు, పెద్దలకు నా మనవి. డబ్బా మీద వయసు అంకె చూడండి. రక్తం ఉందో లేదో చూడండి. వాటితో ఆగకుండా, రేపు ఈ ఆట మా పిల్లవాణ్ణి ఏమడుగుతుంది అని కూడా ఒక్కసారి అడిగి చూడండి. కానుక ఇచ్చిన చెయ్యి ఇచ్చి ఊరుకుంటుంది. మర్నాడు మళ్లీ చాచే చెయ్యి బేరగాడిది.