చూపించకపోవడం అబద్ధమా?

2007 జులైలో ‘ట్రాన్స్‌ఫార్మర్స్’ చూడ్డానికెళ్లిన అమెరికన్ ప్రేక్షకులకి సినిమాకి ముందు ఓ టీజర్ కనిపించింది. న్యూయార్క్‌లో ఎవరిదో వీడ్కోలు పార్టీ, ఊగిపోయే కెమెరా, బయట పేలుడు. చివర్న స్టాచ్యూ ఆఫ్ లిబర్టీ తల దొర్లుకుంటూ వచ్చి వీధిలో పడుతుంది. సినిమా పేరు లేదు. నిర్మాత జె.జె. ఏబ్రమ్స్ పేరు, ఒక తేదీ, అంతే: 2008 జనవరి 18.

అదే ‘క్లోవర్‌ఫీల్డ్’. ఆ టీజర్లో ఎవరో ‘అది బతికే ఉంది’ అని అరుస్తారు. ఇంగ్లీషులో ఆ మాట కొందరికి ‘అది సింహం’ అన్నట్టు వినిపించింది. ఇంకేం, సింహాల రోబో వోల్ట్రాన్ సినిమా వస్తోందన్నారు. కొందరు గాడ్జిల్లా అన్నారు, కొందరు లవ్‌క్రాఫ్ట్ కథల్లోని క్తుల్హూ అన్నారు. ఎవరి భూతాన్ని వాళ్లే తయారుచేసుకున్నారు.

ఇది మనకి కొత్తేం కాదు. అన్నం తినకపోతే బూచాడొస్తాడని భయపెట్టేవాళ్లు కదా, ఆ బూచాడు ఎలా ఉంటాడో ఎవరైనా చెప్పారా? చెప్పుంటే అంత భయం ఉండేది కాదు. రూపం లేని దానికి రూపం ఇచ్చే పని వినేవాళ్లదే. రహస్యంలోని ఆకర్షణ అక్కడే ఉందని నాకనిపిస్తుంది. మనకి తెలియని దాని గురించి ఆలోచిస్తున్నంతసేపూ ఆ కథలో మనకీ కొంచెం వాటా ఉంటుంది.

ఇదంతా డబ్బు కోసమే కదా అనొచ్చు. నిజమే. సుమారు 2.5 కోట్ల డాలర్లతో తీసిన సినిమా ప్రపంచమంతా కలిపి 17 కోట్ల దాకా వసూలు చేసింది. మనం ఊహించుకున్నదంతా వాళ్లకి ఉచిత ప్రచారం అయింది. అయినా దాన్ని మోసం అనగలమా?

సిసెలా బోక్ అనే తత్వవేత్త 1978లో అబద్ధాల మీద ఒక పుస్తకం, ఆ తర్వాత కొన్నేళ్లకి రహస్యాల మీద ఇంకోటి రాసింది. ఆ రెంటినీ ఒకే గాటన కట్టకూడదంటుంది. అబద్ధం చెప్పినవాళ్లు ముందు సంజాయిషీ ఇచ్చుకోవాలి. రహస్యం అలా కాదు, ఏం దాస్తున్నారో, ఎందుకు దాస్తున్నారో చూశాకే తప్పో ఒప్పో తేలాలి.

అదే కుటుంబంలోంచి వచ్చిన ఇంకో సినిమా దగ్గర ఈ తేడా నాకు బాగా అర్థమైంది. ‘క్లోవర్‌ఫీల్డ్ పారడాక్స్’ విడుదల ఎన్నోసార్లు వాయిదాపడి, చివరికి నెట్‌ఫ్లిక్స్ చేతికెళ్లింది. 2018 ఫిబ్రవరి 4న సూపర్ బౌల్ మధ్యలో మొదటి ప్రకటన వేశారు. మ్యాచ్ అవగానే సినిమా పెట్టేశారు. ఆహా, ఎంత సాహసం అనిపించింది. తీరా చూస్తే చాలామంది విమర్శకులు పెదవి విరిచారు. కానీ వాళ్ల మాట బయటికొచ్చేలోపే ఎంతోమంది ప్లే నొక్కేశారు.

2008లో దాచింది భూతం రూపాన్ని. ఊహించుకోడానికి ఆరునెలలు టైమిచ్చారు. 2018లో దాచింది ఆ టైమునే. వాళ్ల ఉద్దేశం ఏదైనా కావచ్చు, ఫలితం మాత్రం ఇది: చూడాలా వద్దా అని నిర్ణయించుకునే వ్యవధి మనకి లేకుండా పోయింది.

గీత అంత స్పష్టంగా ఉండదు, ఒప్పుకుంటాను. మొదటి ‘క్లోవర్‌ఫీల్డ్’ వసూళ్లు కూడా అమెరికాలో రెండో వారాంతానికి మూడింట రెండొంతులు పడిపోయాయి. గుట్టు కోసం వచ్చినవాళ్లు అది తెలిశాక మళ్లీ రాలేదు. అయినా నాకు ఒక ప్రశ్న పనికొస్తోంది. ఈ విషయం ముందే తెలిస్తే నా సరదా పాడవుతుందా, లేక అసలు చూడ్డమే మానేస్తానా? సరదా పాడయ్యేదైతే దాచినందుకు థాంక్స్ చెప్తాను. చూడ్డమే మానేసేదైతే, అది నాకు ముందే తెలియాల్సిన విషయం.

పోయింది రెండు గంటలే కదా, దీనికింత చర్చ ఎందుకంటారా? నాకు ఆ రెండు గంటల గురించి బాధ లేదు. పేరు కూడా చెప్పని ఓ టీజర్ చూసి ఆరునెలలు ఎదురుచూడాలంటే ఆ చీకట్లో ఏదో ఉందని నమ్మాలి. ఖాళీ చీకటిని అమ్మిన ప్రతిసారీ ఆ నమ్మకం కొంచెం తగ్గుతుంది. అప్పుడు నిజంగానే లోపల భూతాన్ని పెట్టుకుని పేరు చెప్పకుండా వచ్చే సినిమాని కూడా ఎవరూ ఆగి చూడరు.