దేవుని సేవకుడు ఎవరు?

చదువవలసిన భాగములు: లూకా 17:7-10, లూకా 12:35-38, యోహాను 13:1-17



మన తిరువూరు ప్రాంతపు సంఘములలో "దైవసేవకుడు" అను మాట వినబడగానే కన్నులన్నియు పాస్టరుగారి వైపు తిరుగును. సభలో ఆయనకు ముందు కుర్చీ వేయుదుము, మెడలో దండ వేయుదుము. పరిచర్య చేయువారిని గౌరవించుట మంచిదే. అయితే ఆ మాట క్రమముగా బిరుదుగా మారి, దానిలోని పని మరుగుపడుచున్నదేమో ఆలోచింపవలెను.

మన పెద్దలకు సేవకుడను మాట బిరుదు కాదు, బరువు. పాలేరు అనగా ఎవరో వారు పుస్తకములో చదివి తెలిసికొనలేదు. కోడికూతకు ముందే లేచి, కొట్టము ఊడ్చి, అరక కట్టి, ప్రొద్దు గ్రుంకువరకు దున్ని, ఇల్లు చేరిన పిమ్మటకూడ ఆసామి పిలిచిన మరల పరుగెత్తవలసినవాడు పాలేరు. అప్పు తీరక, తండ్రి తరువాత కొడుకును ఆ వాకిటనే నిలిచిన కుటుంబములు ఎన్నో కలవు. వెట్టిచాకిరిని రద్దుచేయు చట్టము మన దేశములో 1976లో గాని రాలేదు. అట్టి కాడి క్రిందనుండి వచ్చిన సంఘమునకు సేవకులుగా నుండుడని బోధించినప్పుడు, "అయ్యా, మేము చేసిన చాకిరి చాలదా?" అని ఒక ముసలితల్లి అడిగినచో ఏమి చెప్పుదుము? ఈ ప్రశ్నను దాటవేసి సేవనుగూర్చి బోధించుట తగదు.

లూకా 17వ అధ్యాయములో ప్రభువు ఒక పాలేరు సంగతి చెప్పెను. పొలమునుండి అలసి వచ్చినవాడు ముందు యజమానునికి వడ్డించి, తరువాతనే తాను తినును. అందుకు అతనికి ఎవరును కృతజ్ఞత చెప్పరు. ఇది లోకపు వాడుక. ప్రభువు దానిని దాచలేదు. శిష్యులుకూడ తమ పనిని గొప్పగా చెప్పుకొనరాదని దానివలన నేర్పెను. అయితే అదే సువార్త 12వ అధ్యాయమును తెరచి చూడుడి. అక్కడ యజమానుడు రాత్రివేళ పెండ్లినుండి తిరిగి వచ్చును. మెలకువగా నున్న పనివారిని కూర్చుండబెట్టి, తానే నడుము బిగించి, వారికి అన్నము వడ్డించును! ఏ ఊరి ఆసామి తన పాలేరును విస్తరి ముందు కూర్చుండబెట్టి అట్లు చేసెను? ఈ రెండు భాగములను కలిపి చదివినప్పుడే మన యజమానుడు ఎట్టివాడో తెలియును. మనము ఆయనయొద్ద పొగడ్తను బేరమాడరాదు. ఆయన మాత్రము మనము అడుగని గౌరవమును మనకిచ్చును.

మేడగదిలో ఆయన చేసినదియు ఇదే. తాను దేవునియొద్దనుండి వచ్చెననియు, దేవునియొద్దకే వెళ్లుచున్నాడనియు ఎరిగినవాడై తువాలు కట్టుకొనెనని యోహాను వ్రాసెను. వెట్టివాడు కాదనలేక చేయును. ప్రభువు కాదనగలిగియు చేసెను. వెట్టి మనిషిని క్రుంగదీయును. ప్రేమతో చేసిన సేవ వానిని నిలువబెట్టును. ఒక్క యజమానుడు గలవాడు పదిమంది యజమానులకు భయపడనక్కరలేదు. కావున ఆ ముసలితల్లికి మనము చెప్పవలసిన జవాబు ఇది: "అమ్మా, నిన్ను మరల ఆ వాకిటికి పంపుటలేదు. నీ పాదములు కడిగిన ప్రభువు ప్రక్కన నిలిచి పనిచేయుటకు పిలుచుచున్నాము."

ఈ పిలుపు విన్నవారు మన కృష్ణా సీమలోనే కలరు. రాఘవాపురములో మాలపల్లెలో పుట్టిన పగోలు వెంకయ్యగారు నిజదేవుడెవరో తెలియకముందే, తన్ను తాను చూపించుకొనుమని ఆ దేవుని వేడుకొనెనని పెద్దలు చెప్పుదురు. 1859లో డార్లింగ్ దొరగారిచేత బాప్తిస్మము పొంది, తాను కనుగొనిన ప్రభువును తనవారికి తెలియజేసెను. ఎవరును కుర్చీ వేయకముందే ఆయన సేవకుడాయెను.

తిరునెల్వేలి సీమనుండి మిషనరీగా డోర్నకలుకు వచ్చిన వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారు మన తెలుగు నేర్చుకొని, 1912లో భారతీయులలో మొదటి ఆంగ్లికన్ బిషప్పు ఆయెను. ఆయన బాప్తిస్మము పొందువారిచేత తమ చేతిని తమ తలమీద పెట్టించి, సువార్త చెప్పకపోయినయెడల తమకు శ్రమ యని పలికించెడివారు. పలికినవారు పట్టము పొందిన గురువులు కారు. కూలికి పోవు స్త్రీపురుషులు. బిషప్పుగారి దృష్టిలో బాప్తిస్మము పొందిన ప్రతివాడును సేవకుడే. పౌలుకూడ కెంక్రేయ సంఘములో పరిచర్య చేయు ఫీబే అను సహోదరిని రోమా సంఘమునకు గౌరవముతో అప్పగించెను గదా!

ప్రియులారా, మన ఊళ్ళలో ఈ సేవ ఎక్కడున్నది? మిరపకోతలనుండి చేతులు మండుచు వచ్చికూడ ప్రక్కింటి బాలింతకు గంజి కాచి ఇచ్చు తల్లియొద్ద ఉన్నది. గట్టు తగవులో తనవాడని చూడక న్యాయము చెప్పు పెద్దయొద్ద ఉన్నది. చదువురాని ముసలివానికి కాగితము చదివి, ఉన్నది ఉన్నట్లు చెప్పు యౌవనస్థునియొద్ద ఉన్నది. కానుకల లెక్క పైసాతో సహా అప్పగించు కోశాధికారియొద్దను ఉన్నది. వీరిని దైవసేవకులని ఎవరును పిలువకపోవచ్చును, యజమానుడు ఎరుగును.

ఒక మనవి. రాబోవు కోతపండుగ ప్రేమవిందులో వంటచేసినవారిని, గుడి ఊడ్చినవారిని, నీళ్లు మోసినవారిని మొదటి పంక్తిలో కూర్చుండబెట్టుడి. పాస్టరుగారును సంఘపెద్దలును నడుము కట్టి వడ్డించి, కడపట భుజింతురు గాక. ఆ దినమున మన పిల్లలు లూకా 12వ అధ్యాయమును కన్నులతో చదువుదురు. సేవకుడను మాటకు అర్థము వారికి వేరుగా చెప్పనక్కరలేదు.

ప్రభువు మనకు వంగు నడుమును, నిర్భయమైన హృదయమును దయచేయును గాక. ఆమేన్.