బౌండరీ గీత

ఆగస్టు 29 జాతీయ క్రీడా దినోత్సవమని ప్రతి ఏడూ మా బళ్ళో వ్యాసరచన పోటీ పెడతాం. 'ఆటలు – సమైక్యత' అని బోర్డు మీద రాసింది నేనే. నలభై పేపర్లొచ్చాయి. దాదాపు అందరూ ఒకటే రాశారు: ఆటకి కులం లేదు, మతం లేదు. ఎర్రసిరా పెన్ను అక్కడ ఆగిపోయింది. ఆ మాట తప్పని కొట్టెయ్యలేను, ఒప్పని మార్కులెయ్యలేను.

మా ఊళ్ళో ఊరికీ మాదిగపల్లెకీ మధ్య హైస్కూలు గ్రౌండుండేది. బడి ముఖం ఊరివైపు, దొడ్లు మావైపు. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా, బంతి గట్టిగా వేస్తాడని పెద్దోళ్ళ టీములోకి పిలిచారు. పక్కూరితో మ్యాచ్‌లో ఆఖరి వికెట్టు నేను తీస్తే మోతుబరి కొడుకు పరుగెత్తుకొచ్చి నన్ను వాటేసుకున్నాడు. వాడి చెమట నా చొక్కాకంటింది. ఆ రాత్రి వాళ్ళింట్లో టీముకి భోజనాలు. పదిమంది వరండాలో కూర్చున్నారు. నాకు గొడ్లచావిట్లో విస్తరేశారు. మా నాన్న ఆ ఇంటి పాలేరు. పేడ ఎత్తుతా నన్ను చూశాడు. ఏమీ అన్లేదు, తల తిప్పుకున్నాడు. చెప్పుకోడానికి సిగ్గే గానీ, నేను కడుపునిండా తిన్నాను. ఆ కౌగిలింత ఇంకా ఒంటిమీదే ఉంది మరి.

వాడు నటించాడా? ఇరవై ఏళ్ళుగా నన్ను తొలిచే ప్రశ్న ఇది. నటించలేదనే అనుకుంటున్నాను. ఆ కౌగిలింత నిజమే. కాకపోతే అది గ్రౌండు వరకే. బౌండరీ దాటగానే ఇంకో గీత మొదలైంది. దాన్ని ఏ ఇంజనీరూ గీయలేదు, దాని పటం ఏ ఆఫీసులోనూ దొరకదు. అయినా నేను తిరిగిన ప్రతి ఊళ్ళోనూ కాలవ దిగువన, పల్లంలో ఉన్నవి మా ఇళ్ళే. ఇంత కచ్చితంగా అమలైన ప్లానింగు ఇంకోటుందా?

పల్వంకర్ బాలూ సంగతి నాకు డిగ్రీ అయ్యాకగానీ తెలీలేదు. 1876లో చమార్ కులంలో పుట్టి, పూనాలో తెల్లదొరల క్లబ్బులో పిచ్ చదునుచేస్తూ స్పిన్నరయ్యాడు. హిందువుల జట్టుకి వికెట్లు కావాలి, అందుకని తీసుకున్నారు. టీ వేళకి మాత్రం పెవిలియన్ బయట మట్టిముంతలో పోశారు. 1911లో ఇంగ్లండు పోయి వందకు పైగా వికెట్లు తీసొచ్చినా కెప్టెన్ని చెయ్యలేదు. 1923లో తమ్ముడు విఠల్‌కి దక్కింది, అదీ ఏళ్ళ తరబడి కొట్లాడాక. పెవిలియనూ ఒక ప్లానే గదా, ఎవరు లోపల కూర్చోవాలో ఎవరు బయట నిలబడాలో.

పాతకాలం సంగతి అంటారేమో. 2021 టోక్యో ఒలింపిక్స్‌లో వందనా కటారియా హ్యాట్రిక్ కొట్టింది, దేశమంతా మా పిల్లే అన్నది. సెమీఫైనల్లో జట్టు ఓడిన రోజున హరిద్వార్ దగ్గర ఆమె ఇంటిముందు టపాకాయలు కాల్చి, కులం పేరెత్తి తిట్టారు. ఓడగానే ఆ ఇల్లెక్కడుందో గుర్తొచ్చింది వాళ్ళకి.

మా వైపు అమరావతికి 2015లో శంకుస్థాపన జరిగింది. దాని ప్లానులో తొమ్మిది నగరాలు, అందులో ఒకటి క్రీడా నగరం. 2019 తర్వాత ఆగిన పనులు 2024 తర్వాత మళ్ళీ మొదలయ్యాయి. స్టేడియం వద్దనేవాణ్ణి కాను, నాకూ ఆశే. కానీ ఆ పటంలో నా కళ్ళు వేరేదాన్ని వెతుకుతాయి. ఆ మెట్లు ఊడ్చేవాళ్ళ ఇళ్ళెక్కడ? వాళ్ళ పిల్లలు నడిచి రాగలిగే దూరమేనా?

ఎందుకంటే మా బడి పిల్లల సంగతి రోజూ చూస్తున్నాను. పేదలకిచ్చిన ఇళ్ళ స్థలాలు బడికి నాలుగు కిలోమీటర్ల అవతల, చేల మధ్య. భూమి ఎక్కడ చవగ్గా దొరికితే అక్కడ కాలనీ. నేను దిద్దిన ఆఖరి పేపరు ఆ కాలనీ పిల్లది, కూతకెళ్తే ఆపలేం. మూడే ముక్కలు రాసింది: ఆటలంటే నాకిష్టం. బడి వదిలాక ఆడిస్తారు. అప్పటికి మా బస్సు వెళ్ళిపోద్ది.

మొదటి బహుమతి ఆ పిల్లకే ఇచ్చాను. హెడ్మాస్టరు పేపరు అటూ ఇటూ తిప్పి, "ఇందులో సమైక్యత ఎక్కడుంది మాస్టారూ?" అన్నాడు. బస్సు టైము మార్చమని డిపోకి రాసిన అర్జీ తీసి, ముందు మీరు సంతకం పెట్టండి సార్ అన్నాను. చూద్దాంలే అన్నాడు. కాగితం ఇంకా ఆయన టేబులు మీదే ఉంది.