తండ్రి పిడికిలి

తండ్రిని దైవముగా భావింపుమని తైత్తిరీయము శాసించినది. కాని ఆ దైవమే కర్ర చేతబట్టి, ఆరేండ్ల బిడ్డను బడినుండి లాగుకొనిపోయి, కొండమీద గొర్రెల నడుమ ఒంటరిగా నిలిపినచో, ఆ బిడ్డ తీర్పవలసిన పితృఋణ మెట్టిది? తవియానీ సోదరులు తీసిన 'పాద్రే పద్రోనే' అను ఇటలీ చిత్రము, 1977లో కాన్ ఉత్సవమున అగ్రపురస్కారము నందినది, ఈ ప్రశ్నను నాలో మరల రేపినది. ఆ పేరునకు 'తండ్రి, యజమాని' యని యర్థము. మన పల్లెలలో ఈ రెండు మాటలకు భేద మెరుగని కాపు లెందరో కలరు.

ఇది సార్దీనియా ద్వీపమున సీలిగో గ్రామమునకు చెందిన గవీనో లెద్దా జీవితము. యౌవనము వరకు అక్షర మెరుగక మందను కాచిన యాతడు, సైన్యమున చేరి చదువు నేర్చి, భాషాశాస్త్రవేత్తయై, 1975లో స్వీయకథను వెలువరించెను. దేవఋణము, ఋషిఋణము, పితృఋణము అను మూడింటితో మానవుడు జన్మించునని మన పెద్దల మాట. అందు ఋషిఋణము చదువుచేతనే తీరును. అనగా ఇచట తండ్రియే ఋషులకును కొడుకునకును నడుమ అడ్డుగోడయై నిలిచినాడు. ఒక ఋణమును తీర్ప బూనినవాడు మరియొక ఋణమున ద్రోహి యగునట్టి ఈ సంకటమునకు ధర్మశాస్త్రములలో నాకు సమాధానము దొరకలేదు.

చిత్రము చివర, ఇల్లు విడువ నిశ్చయించిన కొడుకు మంచము క్రింది పెట్టెకై వంగగా, వాని తల తండ్రి మోకాళ్ళ చెంతకు వచ్చును. తండ్రి చేయి మెల్లగా లేచును. నిమురునేమో యని ఊపిరి బిగబట్టి చూతుము. ఆ చేయి పిడికిలి యగును.

అప్పుడు నాకు కఠోపనిషత్తులోని నచికేతుడు తలపునకు వచ్చెను. కోపావేశమున తన్ను మృత్యువున కిచ్చివేసిన తండ్రికొరకే ఆ బాలుడు యముడిచ్చిన మూడు వరములలో మొదటిదానిని వెచ్చించెను: తాను తిరిగి పోవునాటికి తండ్రి కోపము చల్లారి, తన్ను గుర్తించి పలుకరింపవలెనని. ఆత్మవిద్య మూడవ వరమైనది. దీనిని పితృభక్తి యని మాత్రమే చెప్పి పౌరాణికులు ముందుకు సాగుదురు. నాకు తోచున దేమనగా, ఎంత జ్ఞానము గడించినను తిరిగి చేరుటకొక ఇల్లు వలెనని ఆ పిల్లవా డెరిగి యుండెను. అయినను ఆ శాంతిని తండ్రిని గాక యముని అడిగెను. సార్దీనియాలో యముడు లేడు. వరమిచ్చు వారెవ్వరును లేరు.

లెద్దా మాత్రము సీలిగోకే తిరిగి వచ్చెను. చివరి దృశ్యమున నటుడు తొలగి, నిజమైన లెద్దాయే మనకు వీపు త్రిప్పి కూర్చుండి, గొర్రెల కాపరి బాలుని వలె ముందునకును వెనుకకును ఊగుచుండును. చిత్రము మొదట, తండ్రి పాత్రధారికి కర్రను చెక్కి చేతి కందించినవాడును అతడే.